అడవి సరుకు – శ్రావకుని లెక్క

శ్రావకుడు అడుగు వేసేటప్పుడు నేల చూచి వేయవలెనని మనకు పసితనమునుండి నేర్పుతారు. నీరు వడగట్టి త్రాగుతాము. ప్రొద్దు క్రుంకకముందే భోజనము ముగిస్తాము. చాతుర్మాస్యములో ఆకుకూర మానివేస్తాము. ఇవన్నీ మన కాలికి, చేతికి, నోటికి అందేంత దూరములో ఉన్న జీవుల విషయమై తీసికొనే జాగ్రత్తలు. కాని వర్తకుని కాలు అతని దేహముతో ఆగిపోయేది కాదు. అతడు గద్దెమీద కూర్చుండి వ్రాసిన చీటి ఎన్నో ఆమడల దూరమున అడవిలో ఒక అడుగై పడుతుంది. ఆ అడుగు క్రింద ఏమి నలిగినదో చూడవలసినవాడెవడు? కొన్నవాడా, అమ్మినవాడా, ఏరినవాడా?

ఈ ప్రశ్న నన్ను గట్టిగా పట్టుకొన్నది సిరోంచలో, ప్రాణహిత పుష్కరములలో గడిపిన ఒక దినమున. అందుచేత ముందు ఆ ఊరిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసి యున్నది.

మహారాష్ట్రములో గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట ఉన్న తాలూకా ఊరు సిరోంచ. 1982 ఆగస్టులో చంద్రపూరు జిల్లానుండి గడ్చిరోలి విడివడినది. అంతకు చాలా ముందు, బ్రిటిషువారి కాలములో, కొన్నాళ్లు అప్పర్ గోదావరి జిల్లా అనే పేరుగల జిల్లాకు ఈ ఊరే ముఖ్యపట్టణము. ఇక్కడ కచేరీ కాగితములు మరాఠీలో నడుస్తవి. బేరము, పెండ్లి, పోట్లాట తెలుగులో నడుస్తవి. నది దాటితే తెలంగాణము. గోదావరి ఆవలి ఒడ్డున కాళేశ్వరము. ఒకే పానవట్టముమీద రెండు లింగములున్న క్షేత్రము. ప్రాణహితకు ఆవలి ఒడ్డున అర్జునగుట్ట. ఉత్తరముగా ఆల్లపల్లి వైపు పోయే బాట పొడుగునా అడవే. ఆ అడవి టేకుకు బల్లార్షా డిపోలో ఉన్న పేరు కలప వ్యాపారము చేసినవారికి చెప్పనక్కరలేదు.

బృహస్పతి మీనరాశిలో ప్రవేశించినప్పుడు ప్రాణహితకు పుష్కరములు. 2010 డిసెంబరులో ఒకసారి జరిగినవి. తరువాత 2022 ఏప్రిల్ 13 మొదలు 24 వరకు పన్నెండు దినములు జరిగినవి. పుష్కరస్నానము మన ఆచారము కాదు. నీట మునిగినంతమాత్రాన కర్మము కరగదని మన సిద్ధాంతము. నీటినే దేహముగా గల జీవుల మాట ఉండనే ఉన్నది. అయినా ఊరి పండుగ ఊరివారందరిది. సిరోంచలో కిరాణా దుకాణముతోపాటు అడవి సరుకు కూడ కొనే మా పెదనాన్నగారు రేవు దారిలో వడగట్టిన నీటితో చలివేంద్రము పెట్టినారు. ఒక దినము సహాయానికి రమ్మని కబురు చేస్తే పోయినాను.

ఆ ఎండలో చలివేంద్రము దగ్గర నిలబడితే లోకమంతా మన ముందునుంచే పోతుంది. తడిబట్టలతో పసుపు కుంకుమలు పంచుకొనే ముత్తైదువలు, పిండప్రదానము ముగించి గుండు నిమురుకొంటూ వచ్చే మగవారు, ఆకుదొన్నెలో దీపము పట్టుకొని గాలికి చేయి అడ్డుపెట్టుకొనే పిల్లలు. త్రోవకు రెండు ప్రక్కల అంగళ్లు. పేలాలు, మరమరాలు, గాజులు, ప్లాస్టిక్కు బొమ్మలు ఎక్కడైనా ఉండేవే. వాటి నడుమ ఆ సీమ సరుకు కొంత కనబడినది: లక్క గాజులు, అడవి తేనె సీసాలు, వెదురు బుట్టలు, సారపప్పు, దసలి పట్టు చీరెలు, బీడీ కట్టలు. ఒక మూల చెరుకురసపు మర ఆగకుండా తిరుగుతున్నది.

జనము కాస్త పలుచబడినప్పుడు పెదనాన్నగారు గ్లాసులు కడుగుతూ, "బాబూ, ఈ వరుసలో ఎన్ని కర్మాదానములున్నవో లెక్క చెప్పు," అన్నారు.

ఆయన వేళాకోళముగానే అడిగినారు. పదిహేను కర్మాదానములు మనలో చాలమంది ప్రతిక్రమణములో వల్లించేవే. పాపము ఎక్కువగా వచ్చిపడే వృత్తులు గనుక శ్రావకుడు వీటికి దూరముగా ఉండవలెనని శాస్త్రము. బొగ్గు కాల్చుట, అడవి కొట్టుట, బండ్లు చేయుట, బండ్లు బాడుగకు త్రిప్పుట, నేల పగులగొట్టుట. దంతము, లక్క, రసములు, విషము, కేశము, వీటి వర్తకము. యంత్రములో వేసి పిండుట, పశువులకు విత్తు కొట్టుట, అడవికి నిప్పు పెట్టుట, చెరువులు ఎండగట్టుట, అసతీపోషణము. నేను అంగళ్లను చూస్తూ చెప్పుకొంటూ పోయినాను. గాజులు లాక్షావాణిజ్యము. తేనె రసవాణిజ్యము. చెరుకుమర యంత్రపీడనము. గుండు చేయించుకొన్నవారి జుట్టు చూపి కేశవాణిజ్యమన్నాను. ఆయన తల అడ్డముగా ఊపి, అది వెండ్రుకల అమ్మకము కాదు, వెండ్రుకలుగల ప్రాణులను, అనగా మనుష్యులను, పశువులను అమ్ముట అని సరిదిద్దినారు. పెద్దలు చెప్పే అర్థము ఇదే.

"మరి అడవికి నిప్పు ఏ అంగడిలో ఉన్నది?" అన్నారు. నేను మాటాడలేదు. ఎందుకంటే అది ఏ అంగడిలో ఉన్నదో ఆ ఉదయమే చూచి వచ్చినాము.

తెల్లవారుజామున రేవులో పని మొదలుకాకముందు ఆయన నన్ను అడవికి వెంటబెట్టుకొని పోయినారు. బాట దిగి అరగంట నడిచినాము. ఏప్రిల్ మాసము గనుక టేకు చెట్లు బోడిగా నిలిచి ఉన్నవి. మోదుగ పూత అయిపోయినది. తునికి పొదలకు లేత ఆకు వచ్చినది, ఇంకా కోతకు రాలేదు. దూరమున నెమలి అరుపు, దగ్గర ఎండుటాకులలో ఏదో కదిలిన చప్పుడు. నల్లమద్ది చెట్లు చూపి, వానకాలములో దసలి పురుగులను మేపేది వీటిమీదనే అని చెప్పినారు. నేను మాత్రము ఒక చెట్టుక్రింద నిలబడిపోయినాను. అది ఇప్పచెట్టు. తెల్లవారేసరికి రాలిన పువ్వు లేత పసుపురంగులో, ముత్యాలు పోసినట్లు, నల్లని నేలమీద పరచుకొని ఉన్నది. నేల ఎందుకు నల్లగా ఉన్నదంటే కాలినది గనుక. చెట్టు చుట్టూ ఆకు అలము తగులబెట్టినారు. మంట చెట్టు నీడతో ఆగక వాలు పొడుగునా ప్రాకిపోయినది. బూడిదలో నత్తగుల్లలు తెల్లగా, ఎముకముక్కలవలె కనబడుతున్నవి. వంగి ఒకటి తీసితే వ్రేళ్ల మధ్య పొడి అయినది.

ఒక ముసలి స్త్రీ బుట్ట పట్టుకొని పువ్వు ఏరుతున్నది. పెదనాన్నగారికి ఏటేటా పువ్వు తెచ్చి అమ్మే మనిషే.

"నిప్పెందుకు పెట్టినారవ్వా?" అన్నాను.

"పెట్టకుంటే పువ్వు ఆకుల్ల కలిసిపోతది. కండ్లకు ఆనది. ఏరుడెట్ల?" అన్నది.

"ఊడ్చి ఏరరాదా?"

"ఊడ్చేటోళ్లు ఊడుస్తరు. పొద్దెక్కేదాక ఊడ్చుడే అయితది, ఆనక ఏరుడు. నాకు ఏడెనిమిది చెట్లున్నయి." ఆమె నడుము మీద చేయి పెట్టుకొని లేచి, నావైపు కాక పెదనాన్నగారి వైపు చూచినది. "సేటు కిలోకు రెండు రూపాయలు ఎక్కువియ్యమను, నేను గూడ ఊడుస్త."

పెదనాన్నగారు నవ్వలేదు. తిరుగుదారిలో చాలసేపు ఏమీ అనలేదు.

ఆ త్రోవలోనే నేను మాట మార్చుటకు కోట సంగతి ఎత్తినాను. సిరోంచకు దగ్గరలో ప్రాణహిత ఒడ్డున కోట అనే పల్లె ఉన్నది. అక్కడి సున్నపురాతి పొరలలో రాయిగా మారిన చేపలు దొరకుటచేత పందొమ్మిదవ శతాబ్దమునుండి ఆ పల్లె పేరు భూగర్భశాస్త్రములో నిలిచిపోయినది. అదే పొరల వరుసలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు 1960 ప్రాంతములో ఒక మహాజంతువు ఎముకలు త్రవ్వి తీసి, 1975 లో దానికి బారాపాసారస్ టాగోరీ అని పేరు పెట్టినారు. 'బారా పా' అంటే పెద్ద కాలు. రెండవ మాట రవీంద్రుని పేర. వడధంలో రాయిగా మారిన చెట్లు కూడ ఉన్నవి. "అంత పెద్ద కాలా?" అని, "వర్తకుని కాలుకన్న పెద్దదై ఉండదులే," అన్నారు పెదనాన్నగారు. ఆయన మనస్సులో ఇంకా ఆ రెండు రూపాయలే తిరుగుతున్నవన్నమాట.

ఇప్పుడు విచారణకు వస్తాను. మన ధర్మములో గృహస్థుని హింసను నాలుగు విధములుగా విడదీసినారు. బుద్ధిపూర్వకముగా చంపుట సంకల్పీ. అది పూర్తిగా మానవలెను. వంటయింటిలో, ఇంటిపనిలో జరిగేది ఆరంభీ. జీవనోపాధిలో జరిగేది ఉద్యోగీ. ఆత్మరక్షణలో జరిగేది విరోధీ. ఈ మూడు గృహస్థునికి తప్పనివి గనుక తగ్గించుకొనుమన్నారు. మనవారిలో చాలమంది అడవి సరుకు విషయమున ఇక్కడనే ఆగిపోతారు. "మేము నిప్పు పెట్టలేదు, పెట్టుమనలేదు, పువ్వు కొన్నాము, అంతే," అంటారు. కాని అదే ధర్మము మరొక లెక్క కూడ చెప్పినది గదా: తాను చేసినది, చేయించినది, చేసినదానిని ఒప్పుకొన్నది, మూడూ తన ఖాతాలోనివే. ఆ ముసలమ్మకు శాస్త్రము రాదు. అయినా నిప్పుకు, ఊడ్పుకు మధ్య ఉన్నది కిలోకు రెండు రూపాయలని ఒక్క వాక్యములో తేల్చినది. ఆ రెండు రూపాయలు ఎవరి గల్లాపెట్టెలో ఉన్నవో వారు 'చేయించినవారు' కారా?

కారనుటకు ఒక వాదము ఉన్నది: వర్తకునికి తెలియదు. తెలియనిది సంకల్పము కాజాలదు. నిజమే. కాని ఉమాస్వాతి ఆచార్యుడు తత్త్వార్థసూత్రములో హింసను నిర్వచించేటప్పుడు ద్వేషమునకు కాక అజాగ్రత్తకే ముందు స్థానమిచ్చినాడు. తెలిసికొనదగినదానిని తెలిసికొనకుండుట కూడ అజాగ్రత్తయే. దశవైకాలికములో జ్ఞానము దయకన్న ముందు నడవవలెనని చెప్పినది కూడ ఇందుకే.

దీనికి మన గోశాలలకు చాల దగ్గరగా ఉన్న ఉదాహరణ ఒకటి చెప్తాను. 1990 తరువాత మన దేశములో రాబందులు చావసాగినవి. తెల్లవీపు రాబందులు 2007 నాటికి నూటికి తొంభై తొమ్మిదికి పైగా నశించినవి. కారణమేమో చాలకాలము తెలియలేదు. ముసలి పశువుల కీళ్లనొప్పులకు, వాపులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు ఆ పశువు చచ్చిన తరువాత కళేబరములో మిగిలి, దానిని తిన్న పక్షి మూత్రపిండములను పాడుచేస్తున్నదని 2004 లో తేలినది. 2006 లో మన ప్రభుత్వము పశువైద్యములో ఆ మందును నిషేధించినది. ప్రాణహితకు ఎగువన బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట కొమ్ముమీద రాబందులు గూళ్లు పెట్టినవని 2013 లో కనుగొన్నప్పుడు అంత సంతోషించుటకు కారణము ఇదే. ఆ మందు ఇచ్చినవారిలో ఏ ఒక్కరు పక్షిని చంపదలచలేదు. ఆవు బాధ చూడలేక ఇచ్చినారు. దయయే ఇచ్చినది. పదిహేను కర్మాదానములలో మందు లేదు. ఉండుటకు అవకాశము కూడ లేదు. ఆ పట్టిక వ్రాసినవారు తమ కాలపు సరుకు వెంట దాని పుట్టుక వరకు నడిచిపోయి చూచి వ్రాసినారు. పట్టికను వల్లించి మనము ఆ నడక మానివేసినామని నా అనుమానము.

ఇక రెండవ వైపు. సరే, అడవి సరుకే మానివేస్తామని కొందరంటారు. మానుట తేలిక, ముఖ్యముగా బట్టల దుకాణమో, బంగారు దుకాణమో ఉన్నవారికి. కాని ఇప్పపువ్వు, తునికాకు అమ్మగా వచ్చిన సొమ్ముతోనే ఆ పల్లెలు వానకాలమునకు గింజలు కొనుక్కొంటవి. మనము లేస్తే మన గద్దెమీద మరొకడు కూర్చుంటాడు. అతనికి నత్తగుల్లల మాట అసలే పట్టదు. అప్పుడు మన ఆవర్జా శుభ్రముగా ఉంటుంది, అడవి మాత్రము ఎప్పటివలె కాలుతుంది. శ్రావకధర్మము తన ఆవర్జాను మాత్రమే చూచుకొనుమన్నదని నేను అనుకొనను. ఉపాసకదశాంగములో మహావీరస్వామి వద్ద వ్రతములు గైకొన్న ఆనందుని కథ ఉన్నది. ఆయన వాణిజ్యగ్రామపు గొప్ప వర్తకుడు. పన్నెండు కోట్ల బంగారము, నలువది వేల గోవులు, 500 నాగళ్లు. పదిహేను కర్మాదానములు వచ్చేది కూడ ఆ కథలోనే. నేల పగులగొట్టుట వాటిలో ఒకటి. అయినా ఆనందుడు నాగళ్లను పారవేయలేదు, ఇంతకు మించి వద్దని హద్దు పెట్టుకొన్నాడు. దీనిని కొందరు రాజీ అంటారు. నాకు అది కష్టమైన మార్గముగానే కనిపిస్తుంది. ఏమంటే హద్దు పెట్టుకొన్నవాడు ప్రతి దినము లెక్క చూడవలెను. వదలివేసినవాడు ఒకేసారి చూస్తే చాలును.

నా తెలివికి తోచిన విభజన ఇది. కొన్ని సరుకులలో హింస వస్తువులోనే ఉన్నది. లక్క అట్టిది. పట్టుకాయను లోని పురుగుతో ఉడికించి తీసిన దారము అట్టిది. ఆ పట్టు కట్టుకొని పూజకు కూర్చుండుట నాకెన్నడు మింగుడుపడలేదు. కొన్నిటిలో హింస తెచ్చే పద్ధతిలో ఉన్నది, వస్తువులో లేదు. ఇప్పపువ్వు తనంతట తానే రాలుతుంది. చెట్టుకు గాయము లేదు, ప్రాణికి హాని లేదు. నిప్పు మనము చేర్చినది. కొన్నిచోట్ల చెట్టుక్రింద వలలు కట్టి పువ్వు నేలను తాకకుండానే పట్టుకొంటున్నారు కూడ. మొదటి రకమును వదలవలెను. రెండవదానిని వదలక, పద్ధతి మార్పించవలెను. అయితే ఈ గీత కూడ గట్టిది కాదు. హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్యగారు చిలుక కాయను చీల్చుకొని ఎగిరిపోయిన తరువాతనే దారము తీసి 'అహింసా పట్టు' నేయించి చూపినారు. వస్తువులోనే ఉన్నదనుకొన్న హింస అక్కడ పద్ధతిలోనిదని తేలినది.

ఇప్పపువ్వు చివరకు సారాబట్టీకి పోదా అని చదువరులలో ఎవరో అడుగుతారు. పోతుంది, చాలవరకు. పెదనాన్నగారు బండ్లకొద్ది అడిగేవారికి అమ్మరు. పశువుల దాణాకు, వానకాలములో తిరిగి కొనుక్కొనే ఇండ్లవారికి మాత్రమే తూస్తారు. అందువలన ఆయన వ్యాపారము చిన్నది.

తునికాకు చిక్కు ఇంతకన్న పెద్దది. లేత ఆకు రావలెనని కోతకు ముందు పొదలు నరికేవారున్నారు, తగులబెట్టేవారూ ఉన్నారు. తెలంగాణము వైపు కట్టకు 50 ఆకులు, 1000 కట్టలకు ఒక స్టాండర్డు బస్తా అని లెక్క. ఆ లెక్కలో నిప్పు ఎక్కడా కనబడదు. ఆకు చేరేది చివరకు బీడీలోనికి, అంటే ఒకరి ఊపిరితిత్తులలోనికి. కాని ఒక విషయము ఇటీవల మారినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము తరువాత గడ్చిరోలి జిల్లాలో గ్రామసభలు తమ అడవి సరుకును తామే అమ్ముకొనుటకు పూనుకొన్నవి. ధనోరా తాలూకాలోని మెండాలేఖా గ్రామము 2011 లో తన వెదురును తానే అమ్ముకొని దేశమునకు దారి చూపినది. తరువాత తునికాకు కూడ ఎన్నో గ్రామసభల చేతికి వచ్చినది. అంటే వర్తకుని ఎదుట కూర్చుండి బేరమాడేది ఇప్పుడు ఊరే. ఒప్పందములో ధరతోపాటు 'నిప్పు పెట్టరాదు' అనే షరతు వ్రాసి, దానికి తగిన సొమ్ము ఇచ్చుటకు ఇంతకు పూర్వము లేని వీలు కలిగినది. ఆ షరతు అడిగే కొనుగోలుదారు మనలో ఎందుకు ఉండరాదు?

మరుసటి వేసవిలో పెదనాన్నగారు ఊడ్చి ఏరిన పువ్వుకు కిలోకు రెండు రూపాయలు ఎక్కువ అని చాటించినారు. నలుగురు స్త్రీలు తెచ్చినారు. ఆ బస్తాలకు సున్నముతో గుర్తు పెట్టి విడిగా ఉంచినారు. నలుగురిలో ఒకామె తెచ్చినదానిలో సగము కాలిన నేలమీద ఏరినది. ఆయన దానిని త్రిప్పి పంపలేదు. ఆ సగము పాత ధరకు, ఈ సగము క్రొత్త ధరకు తూచినారు. ఎట్లా తెలిసినదని ఫోనులో అడిగితే, "వాసన. ముప్పై ఏండ్లనుంచి ముక్కుకు తెలుస్తూనే ఉన్నది, అడగలేదంతే," అన్నారు. నిప్పును గురించి మొదట మాట ఎత్తిన ముసలమ్మ ఆ యేడు రాలేదట. ఆమె చెట్లను ఇప్పుడు కోడలు చూస్తున్నది, ఊడ్చుటకు ఆమెకు తీరిక లేదట.

తునికాకు మాత్రము ఆయన ఇంకా కొంటూనే ఉన్నారు. ఆ మాట ఎత్తితే, "కల్లానికి నువ్వే ఒకసారి రా. ఆకు ఎట్లా ఆరబెడతారో, ఎవరు లెక్కబెడతారో చూచిన తరువాత తీరికగా పోట్లాడుకొందాము," అన్నారు. కోత మే నెలలో. పోవలెనని అనుకొంటున్నాను.